ఆముదం జిడ్డు

పెడలు గట్టిగానే ఉంది. మదనపల్లె పొలిమేర దాటేలోపల అబ్రహాము దాన్ని ఎన్నిసార్లు తొక్కి చూశాడో అతనికే తెలియదు. ఎదురుగా లారీ లేదు, బర్రె లేదు, అయినా కాలు తనంతట తాను పోయి నొక్కి వస్తోంది, పుచ్చిపోయిన పన్ను దగ్గరికి నాలుక పోయినట్టు. నొక్కినప్పుడల్లా ముసలి ల్యాండ్‌మాస్టరు కారు ముక్కు కాస్త కిందికి వంచి ఆగబోతోంది, వెనక సీట్లో మణెమ్మ ముందుకు తూలి మళ్ళీ సర్దుకుంటోంది, ఒక్క మాటా అనటం లేదు. అనకపోవటమే కష్టంగా ఉంది. ఇంకొకరైతే ఏం మేస్త్రీ, కొత్తగా నేర్చుకుంటాండావా అని ఒక పోటు పొడిచేవాళ్ళు, తనూ నవ్వి ఏదో ఒకటి అనేవాడు, అక్కడికి సరిపోయేది. బండి బాగుంది, నిజంగా బాగుంది. ముందర రెండు చక్రాలకూ పాత డ్రమ్ములు తీసేసి బెంగళూరు నుంచి వచ్చిన డిస్కులు బిగించి నాలుగు రోజులైంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని రెండు పక్కలనుంచి పట్టుకారులాగా అదిమి పట్టే బ్రేకు అది, డ్రమ్ములాగా మూసిన డబ్బాలో ఉడికిపోదు, గాలికి బయటే తిరుగుతుంది, ఎంత దిగుడు దిగినా చేతులెత్తేయదు. కుప్పంలో రాతి క్వారీలున్న జయచంద్రకు పాత కార్ల పిచ్చి. అబ్రహాము పనిచేసే ఆస్పత్రి షెడ్డులో పదమూడేళ్ళు టార్పాలిన్ కింద పడున్న దీన్ని వేలంలో పాడుకుని, రూపం పాతదే ఉండల్ల, బ్రేకులు మాత్రం ఈ కాలంవి కావల్ల, దీంట్లో నా బిడ్డలను తిప్పల్ల అన్నాడు. దీని కథ జయచంద్రకు తెలుసు, ఎవరికి తెలియదు, తాగి తోలి రాతిగుండుకు గుద్దుకుని చచ్చిపోయిన ఆస్పత్రి డ్రైవరు ప్రసాదరావు కారు. అది అందరికీ తెలిసిన కథ. తెలియని కథ తెలిసినవాడు ఒక్కడే, వాడే ఇప్పుడు స్టీరింగు పట్టుకుని కుప్పం పోతున్నాడు, నక్కల కనమ కొండదారి దిగి, పుంగనూరు మీదుగా.

మణెమ్మ ఈ కారు ఎక్కుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. పొద్దున ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉంది, ఆయా చీర కాదు, ఇంటి చీర, చేతిలో సంచి, సంచిలోంచి పసిబిడ్డకు అల్లిన పసుపుపచ్చ ఊలు టోపీ కనబడుతోంది. ప్రసాదరావు భార్య. వదినా అని పిలుస్తాడు. ఆమె కారును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది, బానెట్టు మీద చెయ్యి పెట్టబోయి తీసేసుకుంది. కుప్పం పోతాండావంట గదా, నన్ను పుంగనూర్లో దింపప్పా అంది. బస్సుకు పోరాదా అన్న మాట నాలుక చివరదాకా వచ్చింది, ఆమె అప్పటికే తలుపు తీసింది. కూతురు గ్లోరీకి కొడుకు పుట్టాడు, గ్లోరీ పుంగనూరు బడిలో టీచరు, ఆదివారం బిడ్డకు బాప్తిస్మం. వాళ్ళ నాయన పేరే పెడతానని పట్టుబట్టింది, ఉత్తరం మీద ఉత్తరం రాసింది. అంతవరకు విని అబ్రహాము ఊపిరి పీల్చుకున్నాడు, పేరైనా నిలుస్తుంది అనుకున్నాడు. మణెమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని, అతని వీపుకేసి చూస్తూ చెప్పింది.

"అది వద్దని చెప్పేదానికే పోతాండాను. బైబిలు మీద చెయ్యి పెట్టి మాట తప్పినోడి పేరు, అన్నెం పున్నెం తెలియని బిడ్డకు యాల?"

అదీ సంగతి. పుంగనూరు చేరటానికి గంట పడుతుంది, ఈ ముసలి బండికి ఇంకా కాస్త ఎక్కువే. ఆ గంటలో నోరు విప్పితే ప్రసాదరావు పేరు మనవడి నెత్తిమీద ఉంటుంది. విప్పకపోతే ఆదివారం ఏ పౌలో, పీటరో అని నీళ్ళు చల్లుతారు, ప్రసాదరావు రెండోసారి చచ్చిపోతాడు, ఈసారి కూడా తన చేతుల్లోనే. నోరు విప్పటం ఎంత పని, రెండు పెదవులు విడదీయటమే కదా. బోల్టు తుప్పుపట్టి బిగుసుకుంటే కిరసనాయిలు పోసి ఒక పూట నానబెడతాడు తను, కదులుతుంది. పదమూడేళ్ళ తుప్పుకు ఏం పోయాలో ఏ మేస్త్రీ చెప్పలేదు.

రోడ్డుకు రెండు పక్కలా వేరుశెనగ చేలు, ఎండిన చెట్లు పీకి కుప్పలు వేసుకున్నారు, ఆ మట్టి వాసన కిటికీలోంచి వస్తోంది. అబ్రహాము ముక్కుకు మాత్రం అది అందటం లేదు. కారులో స్పిరిట్టు వాసన వేస్తోంది. వేయదు, వేయటానికి వీల్లేదు, ఇందులో ఇప్పుడున్నది సీలు తీసిన కంపెనీ డబ్బాలోని ఆయిలు, తనే పోశాడు, తనే గాలి తీశాడు, ఒక్క బుడగ కూడా రాకుండా నాలుగుసార్లు తీశాడు. అయినా వేస్తోంది. ఆస్పత్రిలో నర్సు దూది తడిపి జబ్బకు పూస్తే చాలు తనకు కళ్ళు తిరుగుతాయి, జ్వరం వచ్చినా సూది వేయించుకోడు, ఇంత లావు మనిషికి సూదంటే భయమా అని వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ఆముదం రెండు పాళ్ళు, స్పిరిట్టు ఒక పాలు. కుప్పంలో కుప్పుస్వామి మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నప్పుడు నేర్చుకున్న పాళ్ళు అవి. కుప్పుస్వామి నోట్లో సగం అరవం, సగం తెలుగు, చేతుల్లో మాత్రం పని తప్ప మరో భాష లేదు. బ్రేకు ఆయిలు దొరకనప్పుడు ఆముదాన్ని స్పిరిట్టుతో పల్చన చేసి పోసేవాడు. ఇంజను ఆయిలు పోస్తే బ్రేకులోని రబ్బర్లు ఉబ్బి బిగుసుకుంటాయి, ఆముదం వాటిని ఏమీ చేయదు, తల్లిపాలంత మంచిదిరా అనేవాడు. ఊరి లారీలన్నీ ఆ ఆముదం మీదే ఆగేవి. పాళ్ళు చెప్పి ఊరుకోలేదు ఆయన, చెవి పట్టుకుని మరీ చెప్పాడు, చలికని ఎక్కువ పల్చన చేస్తే వేడికి ఆవిరైపోతాది, కనమ దిగే బండికి ఆ పని చెయ్యొద్దు. చెవి పట్టుకున్నది గుర్తుంది, నొప్పి గుర్తుంది, మాట మాత్రం ఆ డిసెంబరు పొద్దున గుర్తుకు రాలేదు. వచ్చిందేమో. వచ్చినా ఏమైతుందిలే అనుకున్నాడేమో. ఈ ఒక్కటే తనకు ఇప్పటికీ తేలలేదు, ఎన్నిసార్లు వెనక్కి పోయి చూసినా అక్కడ పొగమంచు తప్ప ఏమీ కనబడదు.

డెబ్బై నాలుగు డిసెంబరు. ఆ ఏడు ఏదీ దొరికేది కాదు, కిరసనాయిలు దొరకదు, టైర్లు దొరకవు, బ్రేకు ఆయిలు కోసం చిత్తూరుకు చీటీ పంపి నెల దాటింది. మదనపల్లె చలికి ఆముదం పేరుకుపోయి పెడలు తొక్కితే తొందరగా పైకి లేచేది కాదు. ఇది కూడా నా మాదిరే, పొద్దున నిద్ర లేయదు అబ్రహామూ అని ప్రసాదరావు ఎగతాళి చేసేవాడు. మనిషి పొడుగు, మాట మెల్లన, కారు తోలుతూ కీర్తనలు ఈల వేసేవాడు. డిస్పెన్సరీలో స్టవ్వు బాగుచేయమంటే తను పోయాడు, అరలో స్పిరిట్టు సీసాలు వరసగా ఉన్నాయి, అడిగితే చీటీ అంటారు, సంతకం అంటారు, ఎవరూ చూడకుండా ఒకటి తీసి అన్నం సంచిలో పెట్టుకున్నాడు. సగానికి సగం కలిపాడు. పెడలు అప్పుడు భలే చురుగ్గా లేచింది. ప్రసాదరావు మూత తీసి వాసన చూసి ముక్కు చిట్లించాడు, నేను మానేసినా ఇది తాగతాండాదే, కనమలో ఆగతాదా అని అడిగాడు. అడిగాడు, అదీ సంగతి, అడిగాడు. పుంగనూరు క్యాంపు నుంచి డాక్టరమ్మను తీసుకురావాలి, ఒక్కడే పోతున్నాడు. మా మేస్త్రి కాలం నుంచి పోస్తాండాము, ఆగక యాడికి పోతాది, పో అన్నా అన్నాడు తను. పో అన్నాడు. గడప దాటే మనిషిని పోయి రా అంటారు ఎవరైనా, పిచ్చివాడు కూడా అంటాడు. ఆ 'రా' అన్న ఒక్క అక్షరం ఆ పూట నోట్లోంచి రాలేదు.

తరవాత జరిగింది తను చూడలేదు, చూడకపోయినా రోజూ చూస్తున్నాడు. దిగుడు రెండు మైళ్ళు. మొదటి మలుపు, రెండో మలుపు, కాలు నొక్కుతూనే ఉంటుంది, డ్రమ్ములు కాలుతుంటాయి, లోపల స్పిరిట్టు పొయ్యి మీది పాలలాగా పొంగి ఆవిరైపోతుంది. ఆయిలైతే తోస్తే పోయి బ్రేకును తోస్తుంది, ఆవిరిని తోస్తే ఏముంది, నలుగుతుంది అంతే. పెడలు పాతాళానికి పోతుంది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తొక్కాడు, పెడలు మీది రబ్బరు ఒక పక్క చీలిపోయింది, ఎన్నిసార్లు తొక్కితే చీలుతుందో అబ్రహాముకు తెలుసు. ఇవతల కొండ, అవతల లోయ, అడ్డంగా రాతిగుండు. కారుకు పెద్ద దెబ్బ కాదు, స్టీరింగు గుండెల్లో గుచ్చుకుంది. బండిని లాగటానికి లారీ తీసుకుని తనే పోయాడు. అడుగు పలక ఊడిపోయి ఉంది, కింద బ్రేకు ఆయిలు డబ్బా మూత సందులోంచి పొంగిన స్పిరిట్టు, ఆముదం ప్రసాదరావు ప్యాంటును మోకాళ్ళ దాకా తడిపేశాయి, గప్పున వాసన. చుట్టూ చేరినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత తాగుబోతు కదా, నిప్పు లేనిదే పొగ రాదు అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు, డిస్పెన్సరీలో ఒక సీసా తక్కువైందని సాయంత్రానికే తేలింది. ఇంకేం కావాలి.

ఇన్‌స్పెక్టరు పెడలు నొక్కి చూశాడు. అప్పటికి అంతా చల్లబడింది, ఆవిరి మళ్ళీ నీరైంది, పెడలు గట్టిగా, బుద్ధిమంతురాలిలాగా నిలబడింది. బ్రేకులు బాగుండాయా మేస్త్రీ అని అడిగాడు. బాగుండాయి సార్ అన్నాడు తను, దొంగకు తేలు కుట్టినట్టు. అంతకుముందే ఇంకొకటి జరిగింది. హ్యాండ్‌బ్రేకు చివరి పన్ను దాకా లాగి ఉంది. తాగి తూలే మనిషి లాగే లాగుడు కాదు అది, బతకాలని రెండు చేతులా లాగిన లాగుడు. దాన్ని తను కిందికి దించేశాడు. బండిని లాగాలంటే దించక తప్పదు, నిజమే, ఏ మేస్త్రి అయినా దించుతాడు. కాని ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగి దించి ఉండవచ్చు కదా అన్న మాటను ఎన్ని పక్కలకు తిప్పి పడుకోబెట్టినా అది లేచి కూర్చుంటుంది.

మైలురాయి పోయింది. కనమ ఇంకా మూడు మైళ్ళు. ఎడమ సీటు ఖాళీగా ఉంది, అబ్రహాము అటు చూడటం లేదు, చూస్తే ప్రసాదరావు ఉంటాడని కాదు, లేకపోతే ఎలా అని. ఈల వినబడుతోంది, కిటికీ సందులో గాలి. అద్దంలో మణెమ్మ కళ్ళు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన. ఆ రోజు ఆస్పత్రి వరండాలో కూడా అలాగే పెదవులు కదిలాయి. తెల్లగుడ్డ కప్పారు, చివరిచూపు చూసుకోమన్నారు, ఆమె వంగి నుదుటి మీద చెయ్యి పెట్టబోయింది, వాసన తగిలింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. పెట్టలేదు. చర్చిలో అందరి ముందూ మందు మానేస్తానని ప్రమాణం చేసినప్పుడు పక్కన నిలబడింది ఆమె, ఏడేళ్ళు ఆ ప్రమాణాన్ని బిడ్డను సాకినట్టు సాకింది, ఏడేళ్ళకు శవం దగ్గర ఆ వాసన. ఆ చెయ్యి గాలిలో ఆగి వెనక్కి పోవటం అబ్రహాము స్తంభం పక్కనుంచి చూశాడు. ఒక్క అడుగు ముందుకు వేసి వదినా, అది నా స్పిరిట్టు అని ఉంటే ఆ చెయ్యి నుదుటి మీద పడేది. అడుగు పడలేదు. పాస్టరు గారు ఏ ఆదివారం తాగుడు మీద ప్రసంగం చెప్పినా, అందరూ మణెమ్మ కేసి చూస్తారు, అబ్రహాము మాత్రం గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటాడు.

ఈస్టరు ముందు శనివారం ఆస్పత్రి కాంపౌండులో అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టుకుంటారు, తెల్లారితే పూలు, కొవ్వొత్తులు. మణెమ్మ ఏ ఏడూ ప్రసాదరావు సమాధి దగ్గరికి పోలేదు. అందుకని తనే పొద్దున అందరికంటే ముందు పోయి కొట్టి వస్తాడు. మూడు పూతలు, ఎండనిచ్చి ఒక్కో పూత. పూత పూతకూ అన్నా, ఈ ఏడు చెప్పేస్తాను అంటాడు. పదమూడు ఈస్టర్లు, ముప్పై తొమ్మిది పూతలు, అంత మందాన పేరుకుపోయిన సున్నంలో ప్రసాదరావు పేరులోని అక్షరాలు పూడిపోతున్నాయి. పోయిన నెల జయచంద్ర కోసం పాత డ్రమ్ములు విప్పినప్పుడు ఒళ్ళంతా చెమట పట్టింది. లోపల దొరుకుతుంది, తను చేసింది లోపల అలాగే ఉంటుంది, తీసుకుపోయి చూపిస్తే ఇక నోటితో చెప్పే పనే ఉండదు అనుకున్నాడు. పసుపుపచ్చగా, జిగటగా ఆముదం గడ్డకట్టి ఉంది, వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వట్టి ఆముదం. స్పిరిట్టు ఎప్పుడో ఎగిరిపోయింది. లోకంలో ఇక ఆ స్పిరిట్టు మిగిలి ఉన్నది తన నోట్లోనే.

కనమ తల వచ్చింది. ఇక్కడినుంచి చూస్తే పుంగనూరు వైపు చెరువులు చిన్న చిన్న రేకు ముక్కల్లాగా మెరుస్తాయి. ఆగి మణెమ్మను ఇక్కడే దింపేసి బస్సు ఎక్కిద్దామా అనిపించింది, బండిలో ఏదో తేడాగా ఉంది వదినా అంటే నమ్ముతుంది, ఏం చెప్పినా నమ్ముతుంది, అదే కదా పాపం. రెండో గేరు వేశాడు. మొదటి మలుపు. కాలు పెట్టాడు, పట్టుకుంది. పాత డ్రమ్ములకంటే కాస్త బలంగా తొక్కాలి, తొక్కితే తొక్కినంత ఆగుతుంది. రెండో మలుపు. ఇక్కడ మొదలై ఉంటుంది, ఇక్కడ పెడలు కొంచెం మెత్తబడి ఉంటుంది, ప్రసాదరావు ఈల ఆపి ఉంటాడు. పట్టుకుంది. అయ్యో, ఎంత బాగా పట్టుకుంది. ఇంత చిన్న ఇనుప పళ్ళెం, ఇంత శుభ్రమైన ఆయిలు, ఇంతే కదా కావలసింది, ఇంతే ఉంటే నీ మనవడికి నువ్వే పేరు పెట్టుకునేవాడివి కదా అన్నా. అబ్రహాముకు కళ్ళు మసకబారాయి. మూడో మలుపు తిరగ్గానే గుండు కనబడింది, దాని మీద ఎవరో ఎన్నికల గుర్తు గీశారు. తనకు తెలియకుండానే రెండు కాళ్ళతోనూ బ్రేకు నొక్కేశాడు. కారు ఒక్క కూత కూసి, నిలువుగా, దిగుడులో, గుండుకు పది గజాల ఇవతల నిలబడిపోయింది. ఇంజను ఆగిపోయింది. గాలి తప్ప ఏమీ లేదు.

"ఈడనేనా?" అంది మణెమ్మ వెనకనుంచి.

"ఈడనే." వెనక్కి తిరగలేదు అబ్రహాము. "వదినా. అన్న తాగలేదు."

ఆ మాట బయటపడ్డాక మిగతావి వాటంతట అవే వచ్చాయి, చలి, ఆముదం, సీసా, సగానికి సగం, హ్యాండ్‌బ్రేకు, బాగుండాయి సార్. ఏదీ మెత్తబరచలేదు, ఆ ఏడు ఏదీ దొరకలేదన్న సంగతి కూడా చెప్పలేదు, చెప్తే సాకులాగా ఉంటుందని. ఆ వాసన బ్రేకుది, ఆయన నోటిది కాదు అని చివర ఇంకోసారి చెప్పాడు. కొడుతుందేమో అనుకున్నాడు, కొడితే బాగుండు అనుకున్నాడు. ఒక బస్సు హారను కొట్టుకుంటూ దిగిపోయింది, దుమ్ము లోపలికి వచ్చింది. ఆ దుమ్ము తగ్గిన తరవాత మణెమ్మ మాట్లాడింది, అతనితో కాదన్నట్టు, ఒళ్ళోని ఊలు టోపీతో మాట్లాడినట్టు.

"ఆ ప్యాంటు నాకు ఇచ్చినారు. ఉడుకునీళ్ళు పోసి మూడుసార్లు ఉతికితి. జిడ్డు పోలేదు. సారాయికి జిడ్డు యాడిదని నాకు తోచలేదు సూడు. పదమూడేండ్లు తోచలేదు."

తలుపు తీసుకుని దిగింది. నడిచిపోయి గుండు ముందర నిలబడింది, కాసేపు చూసి, దాని మీద అరచెయ్యి పెట్టింది. ఈసారి వెనక్కి తీసుకోలేదు. ఎండ కాస్తున్న రాయి, కాలుతూ ఉంటుంది, అయినా తీయలేదు. అబ్రహాము ఆ చేతినే చూస్తూ ఏడ్చాడు, చప్పుడు లేకుండా ఏడవటం అతనికి బాగా అలవాటు.

తిరిగి వచ్చి ఈసారి ముందర, ఎడమ సీట్లో కూర్చుంది. ఆమె ముఖం కడిగిన పలకలాగా ఉంది, దాని మీద కోపం రాస్తుందో ఏం రాస్తుందో తెలియటం లేదు.

"సున్నం కొట్టేది నువ్వే గదా. ఆయన మీద ప్రేమతో కొడతాండావు అనుకొంటి."

ప్రేమే వదినా అనబోయి ఆగిపోయాడు.

"ఇంక నువ్వు కొట్టొద్దు. నా మొగుడికి నేను కొట్టుకుంటాను," అంది. చీర కొంగుతో అరచేతి దుమ్ము తుడుచుకోబోయి, తుడుచుకోకుండా మూసుకుంది. "పేరు పెట్టేదానికి ముందర గ్లోరీకి చెప్పల్ల. ఆదివారం చర్చిలో అందరికీ చెప్పల్ల. నేను చెప్పను. నువ్వే చెప్పల్ల."

సరే అన్నట్టు తల ఊపాడు. తాళం తిప్పితే ఇంజను అందుకుంది. గేరు వేశాడు, క్లచ్చి వదిలాడు, బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది. మళ్ళీ తాళం, మళ్ళీ గేరు, మళ్ళీ ఆగిపోయింది. దిగుడులో ఉన్న బండి, వదిలితే దానంతట అదే పోవాలి, ఎందుకు కదలటం లేదో ముప్పై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్న మేస్త్రికి అర్థం కాలేదు. డిస్కులు పట్టుకుని వదలటం లేదా, బిగింపులో ఏమైనా పొరపాటు చేశానా అనుకున్నాడు. మణెమ్మ తల వంచి అతని పాదాల కేసి చూసింది.

"బ్రేకు మీద కాలు తియ్యప్పా," అంది.